టీచరుగారి దగ్గు

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను లెక్కలు చెబుతాను. ఉండేది గణపవరం దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న ఊళ్లో. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఆ ఏడు చలికాలంలో పట్టుకున్న దగ్గు శివరాత్రి దాటినా వదల్లేదు. సుద్దముక్కల పొడి వల్లేనని అందరికీ చెప్పాను, నేనూ అదే నమ్మాను. సిరప్పు సీసాలు మారాయి కానీ దగ్గు మారలేదు. జాకెట్లు వదులయ్యాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది.

మా వీధి ఆశా కార్యకర్త నాకంటే పదేళ్లు పెద్దది. ఇల్లు చర్చి వెనకే. పసిపిల్లల టీకాలకీ, గర్భిణుల పరీక్షలకీ భుజాన సంచీతో ఇల్లిల్లూ తిరిగేది. మా అత్తగారి బీపీ సంగతి కనుక్కోవడానికి మా ఇంటికీ వచ్చేది. ఒకరోజు అలా వచ్చి, వంటింట్లో నా దగ్గు విని లోపలికి తొంగి చూసింది.

"టీచరుగారూ, ఏమీ అనుకోకండి. పోయినసారి వచ్చినప్పుడూ ఇలాగే దగ్గుతున్నారు. ఒకసారి కళ్లె పరీక్ష చేయించుకోండి."

నాకు చర్రున కోపం వచ్చింది. "టీబీ అంటున్నారా? మాకెందుకొస్తుందండీ? మా ఇళ్లల్లో ఎవరికీ లేదు."

"గాలి పీల్చేవాళ్లెవరికైనా వస్తుందండీ," అంది నెమ్మదిగా. మర్నాడు చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, పొద్దున్నే దగ్గి అందులో ఎలా ఉమ్మాలో చూపించింది. ఆ డబ్బాను తనే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

టీబీయే అని తేలింది. లెక్కల టీచర్ని, ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అని లెక్కలు వేయడం మొదలుపెట్టాను. మా ఎనిమిదేళ్ల అమ్మాయిని పక్కన పడుకోబెట్టుకున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. ప్రపంచంలో ఇప్పటికీ ఎక్కువ మంది ప్రాణాలు తీసే జబ్బుల్లో ఇదొకటని ఎప్పుడో చదివాను. అదంతా ఎక్కడో దూరాన, ఎవరికో అనుకున్నాను.

ఆవిడని ఒకటే అడిగాను. "అక్కయ్యగారూ, ఎవరికీ చెప్పకండి."

"నా నోట రాదండీ," అంది.

రాలేదు కూడా. ఏలూరులో అమ్మకి బాగాలేదని స్కూలుకి సెలవు పెట్టాను. మా అత్తగారికీ, మావారికీ, అమ్మాయికీ ఆవిడే పరీక్షలు చేయించింది. ఎవరికీ లేదని తెలిసిన రోజు నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మందులు వేసుకున్నానో లేదో కనుక్కోవడానికి రోజూ సాయంత్రం వచ్చేది. మా ఇంటికి ఎందుకొస్తున్నావని పక్కింటివాళ్లు అడిగితే, "ఫోన్లో ఇంగ్లీషు ఫారాలు నింపడం టీచరుగారు నేర్పుతున్నారండీ," అని చెప్పింది. ఆ మాట అబద్ధం కాకూడదని నిజంగానే నేర్పడం మొదలుపెట్టాను. త్వరగా నేర్చుకుంది.

మందులు ఆరు నెలలు వాడాలన్నారు. రెండు నెలలకే దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. జూన్‌లో బడులు తెరిచారు. మాత్రలు మింగితే కడుపులో తిప్పేది. బస్సులో ఇబ్బందని ఒకరోజు మానేశాను, మర్నాడూ మానేశాను. ఆవిడ అడిగితే వేసుకున్నానని చెప్పేశాను.

నాలుగో రోజు సాయంత్రం వచ్చి, మామూలుగా అడిగినట్టే అడిగింది. "మూత్రం ఇంకా ఎర్రగానే వస్తోందా అండీ?"

"లేదండీ, ఇప్పుడు బాగానే వస్తోంది," అన్నాను సంతోషంగా. జబ్బు తగ్గినందుకు అది గుర్తనుకున్నాను.

ఆవిడ భుజాన ఉన్న సంచీ కింద పెట్టింది. "ఆ మందు పడితే రంగు రాకుండా ఉండదండీ," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తిడుతుందనుకున్నాను. లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మధ్యలో ఆపితే జబ్బు ముదిరి మందులకి లొంగకుండా పోతుందని, అప్పుడు ఇంతకంటే గట్టి మందులు ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి వస్తుందని చెప్పింది. "మీకు విసుగ్గా ఉంటే మీకోసం వద్దండీ. మీ అమ్మాయి కోసం వేసుకోండి." మర్నాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మానేసిన సంగతీ, వికారం సంగతీ దాచకుండా చెప్పించింది. కాస్త టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారాయన.

అప్పట్నుంచి రోజూ బస్సు టైముకి ముందే వచ్చి, నేను మింగేదాకా నిలబడేది. ఆదివారాలు ప్రార్థనకి వెళ్తూ తెల్లచీరలో వచ్చేది. ఆగస్టులో వాన ఆగకుండా కురిసి మా వీధిలో మోకాల్లోతు నీళ్లు నిలిచిన రోజు ఇక రాదనుకున్నాను. చీర పైకి దోపుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని వచ్చింది. "మీరు వేసుకుంటారని తెలుసండీ. అయినా చూసి పోదామని," అంది నవ్వుతూ.

చివరి పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. చీర పెట్టబోతే తీసుకోలేదు. "ఒక్క సాయం చేస్తారా?" అని మాత్రం అడిగింది. కొల్లేటి వైపు చెరువు గట్టు మీద కాపలా ఉండే ఒకాయన టీబీ మందులు నెల వాడి మానేశాడట. వెళితే కసురుతున్నాడట. "నాతో ఊరికే రండి చాలు," అంది.

ఎందుకు రమ్మందో నాకు తెలుసు. నా సంగతి చెప్పమని మాత్రం ఆవిడ అడగలేదు.

ఆవిడ స్కూటీ వెనక కూర్చుని వెళ్లాను. గట్టు పొడవునా మేత బస్తాలు, నీళ్ల మీద గూడకొంగలు. తాటాకు పాక ముందు మంచం మీద ఆయన, పక్కన ఆయన భార్య. మమ్మల్ని చూస్తూనే ఆయన మొహం తిప్పుకున్నాడు.

"మీకేం తెలుసండీ! అవి మింగితే కడుపులో దేవుతుంది. పని చేసుకోవద్దా?"

ఆవిడ చెరువు వైపు చూస్తూ నిలబడింది. నా వైపు చూడనే లేదు. చూసి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదేమో.

"నాకు తెలుసండీ," అన్నాను. "ఆరు నెలలు మింగాను. మొన్ననే అయిపోయాయి."

ఆయన భార్య చటుక్కున లేచింది. "మీకా, టీచరుగారూ?"

"నాకేనండీ. మధ్యలో మీలాగే మానేశాను కూడా." వాంతులు, ఎర్ర మూత్రం, టిఫిన్ తిన్నాక వేసుకుంటే తగ్గిన వికారం, అన్నీ చెప్పాను. ఎర్ర మూత్రం అనగానే, "రక్తం పడుతోందని హడలిపోయానండీ, అందుకే మానేశా," అన్నాడాయన. ఇన్నాళ్లూ ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. అది మందు రంగేనని ఆవిడ వివరించింది.

"ఆయ్, అలాగైతే వేసుకుంటానండీ," అన్నాడు.

ఆవిడ మర్నాడే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ పరీక్షలు చేయించి మందులు మొదలుపెట్టించింది. ఆయన కోసం వర్షంలో ఆ గట్టు మీద ఎన్ని రోజులు తిరిగిందో నాకు తెలియదు. వేసవికి ఆయన కోర్సు పూర్తయింది. ఇప్పటికీ అదే చెరువు దగ్గర ఉన్నాడు.

గట్టు మీద చెప్పిన మాట ఊళ్లోకి, ఊళ్లోంచి స్కూలుకి చేరింది. ఎవరూ అడగకముందే క్లాసులో నేనే చెప్పేశాను. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మా తాతయ్యకి రెండు నెలల నుంచి దగ్గు టీచర్," అంది. ఆ సాయంత్రం ఆ పిల్లతో కలిసి వాళ్లింటికి వెళ్లాను.