పాత సామాను చేతికివ్వాలి

పోయిన వారం మా అమ్మాయి కారు సర్వీసుకిచ్చి, ఆఫీసులో తనకు తీరిక లేక తీసుకురమ్మని నన్ను పంపితే, నెల్లూరు శివార్లలో ఉన్న ఆ అద్దాల షోరూముకు వెళ్లాను. బిల్లు కట్టి తాళం తీసుకుని వచ్చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ వాళ్లు కూర్చోబెట్టిన చోట ఎదురుగా గోడంత టీవీ ఉంది, అందులో ఆ కంపెనీ ఎలా ఎదిగిందో చెప్పే సినిమా ఒకటి అయిపోగానే మళ్లీ మొదలవుతోంది. చిన్న షెడ్డులో పుట్టి దేశమంతా ఎలా పాకిందో, దానికంతటికీ మూలం కస్టమర్ల నమ్మకమేనని కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన చేతులు జోడించి మరీ చెబుతున్నాడు. పన్నెండేళ్లు అదే కంపెనీ వర్కుషాపులో పనిచేసినవాణ్ణి నేను. ఆ నమ్మకాన్ని ఎలా సొమ్ము చేసుకున్నారో నాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది.

బిల్లు చూస్తే ఏసీ కంప్రెసర్ మార్చినట్టుంది. పాతది ఇవ్వమ్మా, తీసుకుపోతాను అని కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగాను. "పాతవి ఇచ్చే పద్ధతి లేదు సార్, అవన్నీ కంపెనీకే పోతాయి. కాఫీ తాగతారా?" అంది, ఎంతో మర్యాదగా. ఆ పిల్లను ఏమంటాం? ఒకప్పుడు ఆ మాటే నేనూ చెప్పాను, అదీ సొంత అక్క మొగుడికి.

నా ఈడు వాళ్లకు పాతకాలపు షెడ్లు గుర్తుండే ఉంటాయి. ట్రంకు రోడ్డు పక్కన మా మేనమామకు రేకుల షెడ్డు ఒకటి ఉండేది, నేను పని నేర్చుకున్నది అక్కడే. మామకు చదువు లేదు, నోరు మంచిది కాదు, పని తొందరపెడితే బండి బయట పెట్టేసి ఇంకో చోటు చూసుకొమ్మనేవాడు. కానీ ఒక పద్ధతి మాత్రం తప్పేవాడు కాదు. బండిలోంచి తీసింది ఏదైనా సరే, అరిగిన బేరింగు కానీ తెగిన బెల్టు కానీ, చివరికి విరిగిన బోల్టయినా కిరసనాయిల్లో కడిగి, పేపర్లో చుట్టి, బండి యజమాని చేతిలో పెట్టిన తరువాతే తన కూలి మాట ఎత్తేవాడు. అది తీసుకుపోయి ఏం చేసుకుంటారని నేను నవ్వితే, సామాను వాళ్లది, మనది పని మాత్రమే, అనుమానం వస్తే ఇంకో మేస్త్రీకి చూపించుకుంటారు, ఆ హక్కు వాళ్లకుండాలి అనేవాడు. జనం కూడా ఆ పొట్లాన్ని సీటు కింద పెట్టుకుని పోయేవాళ్లు. కొందరు ఇళ్లలో దాచుకునేవాళ్లు కూడా.

తరువాత రొయ్యల చెరువులు వచ్చాయి, కృష్ణపట్నంలో పోర్టు వచ్చింది, ఆ వెనకే కార్ల కంపెనీ వాళ్ల షోరూము నెల్లూరికి వచ్చింది. జేబు మీద పేరు కుట్టిన చొక్కా ఇస్తారనీ, నెల నెలా జీతం బ్యాంకులో పడుతుందనీ మామను వదిలి అక్కడ చేరాను. అబద్ధమెందుకు, గర్వంగానే ఉండేది. నేల మీద నూనె చుక్క ఉండదు, ప్రతి పానాకూ గోడ మీద దాని బొమ్మ, దాని చోటు. రెండేళ్లు తిరక్కుండా నన్ను సూపర్‌వైజరును చేశారు.

శిక్షణకని మద్రాసు తీసుకెళ్లినప్పుడు అసలు కథ నేర్పారు. కారు అమ్మితే వచ్చేది కొంచెమే, దాన్ని నమ్ముకుంటే కంపెనీ నడవదు. అమ్మిన రోజు నుంచి ఆ కారు ఉన్నన్నాళ్లూ వచ్చేదే అసలు రాబడి. కొనడానికి అప్పు మన ఫైనాన్సు కంపెనీయే ఇవ్వాలి, బీమా మన ద్వారానే చేయించాలి, సర్వీసు మన దగ్గరే జరగాలి, సామాను మన పెట్టెలోంచే రావాలి. చిన్న బేరింగు పోతే బేరింగు మార్చడం మన పని కాదు, ఎందుకంటే మన పుస్తకంలో బేరింగుకు విడిగా నంబరే లేదు, మొత్తం కంప్రెసరుకే ఉంది. ఇక విప్పిన పాత సామాను బయటి షెడ్ల వాళ్ల చేతికి పోతే బాగుచేసి వాడేస్తారు కాబట్టి, దాన్ని సమ్మెటతో పగలగొట్టి, ఫొటో తీసి కంపెనీకి పంపాలి. మా వర్కుషాపులో ఆ సమ్మెట నా చేతిలో ఉండేది. బాగుపడే వస్తువుల్ని ఎన్నింటిని పగలగొట్టానో, లెక్క పెట్టుకునే ధైర్యం లేదు.

మా అక్కను విడవలూరు అవతల సముద్రపొడ్డు పల్లెలో ఇచ్చారు. బావ వేటకు పోయేవాడు. ఫైబరు బోటులో తన వాటా అమ్మేసి, మిగతాది మా కంపెనీ ఫైనాన్సులోనే అప్పు తీసుకుని, మా షోరూములోనే కారు కొన్నాడు. కొనిపించిందీ నేనే. పోర్టు దగ్గర పనిచేసే ఒక కాంట్రాక్టు సంస్థ ఆఫీసర్లను రోజూ నెల్లూరు నుంచి తీసుకెళ్లి తీసుకొచ్చే పని దొరికింది. రెండు షరతులు పెట్టారు: ఏసీ ఎప్పుడూ పనిచేయాలి, రిపేరు ఏదైనా కంపెనీ వర్కుషాపులోనే చేయించి బిల్లు చూపాలి. ఆదివారాలు బావ ఆ కారు డిక్కీలో ఐసు పోసి మాకు కానగంత చేపలైనా, పాత గోనెలో చుట్టి ఎండు నెత్తళ్లయినా తెచ్చేవాడు. సంటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు ఆ కారును, ఆ డిక్కీ వాసన ఒక్కటే పోయేది కాదు.

ఒక నెల చివర్లో ఏసీ వేస్తే గరగరమంటోందని తీసుకొచ్చాడు. బానెట్ ఎత్తకముందే నాకు తెలిసిపోయింది, ఉప్పు గాలికి కంప్రెసర్ పుల్లీలో బేరింగు పోయింది. మామ షెడ్డులో అయితే గంట పని. ఆ మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పక్కన మేనేజరు ఉన్నాడు, గోడ మీద ఆ నెల అమ్మాల్సిన సామాన్ల పట్టీ ఉంది, పైగా బావకు కంపెనీ బిల్లు కావాలి. మొత్తం మార్చాలి బావా అన్నాను. పాతది అప్పగిస్తే కొత్తదాని ధర తగ్గించే పథకం ఒకటి ఆ నెలాఖరుతో అయిపోతుంది. బావకు నాలుగు రూపాయలు మిగులుతాయి కదా అని, ఆ రోజే కంప్రెసర్ విప్పించి, సమ్మెటతో నేనే పగలగొట్టి, ఫొటో తీసి పంపాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొత్తది రాలేదు. ఇవాళ, రేపు అంటూ వారం దాటింది. బావ ఆఫీసర్లకు అద్దె కారు తెచ్చి నడిపాడు, అది కొన్నాళ్లే సాగింది. ఎనిమిదో రోజు పొద్దున నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. విసిగిపోయి మా మామ షెడ్డుకు వెళ్లాడట. మామ అంతా విని, సొరుగులోంచి ఒక బేరింగు తీసి చేతిలో పెట్టి, పాత కంప్రెసర్ పట్టుకురా, మధ్యాన్నానికి బండి తీసుకుపోదువు అన్నాడట. బావ చొక్కా జేబులోంచి ఆ బేరింగు తీసి చూపించాడు.

"పాతది నాకియ్యి బామ్మర్దీ. పోర్టోళ్లను నేను బతిమాలుకుంటాలే, బిల్లు తర్వాత చూపిస్తానంటా. నీ చేతికి పాతది ఇయ్యలేదా అని మీ మామ గూడా నన్ను అడిగినాడు."

పాతవి ఇచ్చే పద్ధతి లేదు బావా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని వెనక పెరట్లో తుక్కు కుప్ప దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఒంగుని, ముక్కలు అటూ ఇటూ జరిపి చూశాడు. బాడీ ముక్కలైంది కానీ ఉక్కు పుల్లీ మాత్రం అంచు నొక్కుకుని నిలిచింది. "ఇదన్నా తీసుకుపోవచ్చా?" అని అడిగాడు. తల ఊపాను. తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

నాలుగో వారంలో కొత్త కంప్రెసర్ వచ్చేసరికి పోర్టులో ఆయన స్థానంలో ఇంకో కారు తిరుగుతోంది. వాయిదాలు ఆగాయి. మా కంపెనీ గుర్తే ఉన్న ఫైనాన్సు వాళ్లు వెళ్లి పల్లెలో అందరూ చూస్తుండగా కారు పట్టుకొచ్చారు. ఎక్కడికి తెచ్చారంటే, మా పెరట్లోకే. పాత కార్లు అమ్మే విభాగమూ మాదే కదా. ఆ కారును కడిగించి, అన్నీ సరిగా ఉన్నాయని సంతకం పెట్టాల్సింది నేను. మూడుసార్లు కడిగినా డిక్కీలో నెత్తళ్ల వాసన పోలేదు, మేనేజరు సెంటు కొట్టించాడు. "కంప్రెసర్ కొత్తది" అని అద్దం మీద చీటీ అంటించి మరీ అమ్మారు. కొన్నాయనకు మళ్లీ మా అప్పే, మళ్లీ మా బీమాయే. ఒకే కారు మీద ఆ కంపెనీ ఎన్నిసార్లు తిన్నదో చూడండి. అట్లా ఎదిగింది. ఆ చేతులు జోడించిన పెద్దమనిషి సినిమాలో మా బావ లేడు, ఉండడు. ఆ ఏడాది సామాన్లు ఎక్కువ అమ్మించినందుకు నాకు గోడగడియారం ఇచ్చారు. సిగ్గులేనివాణ్ణి, తీసుకున్నాను.

బావ మళ్లీ వేటకు పోయాడు, వాటాదారుగా కాదు, ఇంకొకరి బోటులో కూలికి. అక్క అప్పుడప్పుడూ వచ్చి పోయేది కానీ నేను మాత్రం ఆ గడప తొక్కలేకపోయాను. మామ పోయినప్పుడు స్మశానంలో బావ నా పక్కనే నిలబడ్డా మొహం చూడలేకపోయాను. అలా ఏళ్లు గడిచిపోయాయి.

పోయిన వారం ఆ షోరూములోంచి బయటికొచ్చాక కారును ఇంటికి తిప్పలేదు. కోపంతోనే విడవలూరు దారి పట్టాను. ఎవరి మీద కోపమో, ఎవరి దగ్గరికి తీసుకుపోతున్నానో నాకే తెలియదు. ఇంటి పక్క ఇసుకలో ఉన్న బావిలోంచి అక్క నీళ్లు చేదుతోంది. బావ నులకమంచం మీద వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి ఇద్దరూ నిన్ననే వచ్చిపోయినవాణ్ణి చూసినట్టు చూశారు. కాళ్లు కడుక్కుందామని బావి దగ్గరికి వెళ్లి, చేద అందుకుంటూ పైకి చూశాను. గిలక స్థానంలో అంచు నొక్కుకున్న ఆ ఉక్కు పుల్లీ ఉంది.

"మీ మామ ఇచ్చిన బేరింగే. ఊరికే పారేస్తే ఎట్టని దీనికే బిగించినా," అన్నాడు బావ, వల మీంచి తల ఎత్తకుండానే. "అప్పుడప్పుడూ ఇంత గ్రీజు పెడతాండా, అంతే."

మామ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు బ్యాటరీ కార్లు అమ్ముతున్నారు. వాటి బానెట్ ఎత్తి చూసే పనే లేదట, తప్పేముందో కంపెనీ కంప్యూటరు చెప్పాల్సిందేనట. అరిగిపోయిన వస్తువును పొట్లం కట్టి చేతిలో పెట్టే మనిషి లేడు, ఇవ్వమని అడిగే మనిషీ లేడు. నా బోటి వాడు అడిగితే కాఫీ తాగుతారా అంటారు.

ఆ పూట నాలుగు చేదల నీళ్లు తోడాను, అక్కర లేకపోయినా. మోకు లాగుతూ చెవి పెట్టి విన్నాను. ఇన్నేళ్ల ఉప్పు గాలి తిని కూడా ఆ బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతోంది. కాస్త గరగరమన్నా నా మనసు కొంత కుదుటపడేది.