కంపెనీకి నేనొక్కడినే కొడుకుని

ఈ ఏడాది జులై పద్నాలుగో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, తెల్లవారుజామున పట్టిన ముసురు ఇంకా వదలక గోదావరిఖని దుమ్మంతా అణిగి ఉన్న వేళ, మా అమ్మాయి కూతురు ఫోను పట్టుకొని వచ్చి నా కుర్చీ పక్కన చతికిలబడింది. ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తి చేసిన ఆ పిల్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఇంటి నుంచే వెళ్ళి చదివే నాలుగేళ్ళ ఫార్మసీ డిగ్రీ. రెండోది ఫార్మసీని, వ్యాపార నిర్వహణను కలిపి ఐదేళ్ళలో రెండు పట్టాలిచ్చే కొత్త కోర్సు. ఏది కావాలో సాయంత్రం ఐదు గంటల లోపల ఫోనులో నమోదు చేయాలి.

“తాతా, నువ్వు లెక్కల మనిషివి గద, జర లెక్కేసి చెప్పు. గీ రెండు కల్సింది తీస్కోవాల్నా, ఒట్టి ఫార్మసీ చాల్నా?”

గంట వ్యవధి అడిగాను. ఆ గంట గడవకముందే మా అమ్మాయి చాయ్ తెచ్చి, పిల్ల ఉన్న వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “ఐదేండ్లు హాస్టల్లంటే మాటలా నాన్నా? నువ్వు వద్దను. నీ మాటైతే ఇంటది. నేన్ చెప్పమన్నట్టు మాత్రం తెల్వనియ్యకు.”

కూతురి భయం నాకు అర్థం కాక కాదు. కానీ ఆ చివరి మాట విన్నాక చాయ్ తాగబుద్ధి కాలేదు. నలభై ఏడేళ్ళ క్రితం సరిగ్గా ఇదే చదువు విషయంలో, ఇట్లాగే నాకు తెలియనీయకుండా, నా ఇంట్లోనే ఒక నిర్ణయం జరిగిపోయింది. ఊహలను, అభిప్రాయాలను నేను నమ్మను గనుక తేదీలతోనే చెబుతాను.

మా బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. నా ఈడు వారికి తెలియని సంగతి కాదు, ఆ కాలంలో ఒకరి పేరు మీద మరొకరు బాయి దిగడం మా ప్రాంతంలో మామూలు. బాయి పనికి పేరు రాయించుకున్న మా దూరపు చుట్టం ఒకడు మొదటి రోజే లోపలి చీకటికి జడిసి ఊరికి తిరిగిపోతే, మర్నాడు అతని పేరు పిలిచినప్పుడు పలికినవాడు మా బాపు. అప్పటి నుంచి బాపుకు ఇంట్లో, ఊళ్ళో, పెళ్ళి పత్రికల్లో ఒక పేరు. హాజరు పిలుపులో, కంపెనీ కాగితాల్లో మరొక పేరు. మా వరుసలోని పద్దెనిమిది క్వార్టర్లలో ఐదుగురు అట్లాంటి వారే ఉండేవారు కనుక అది మాకు వింతగా గాని తప్పుగా గాని తోచేది కాదు.

నేను ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో ప్యాసైనది 1978లో. అప్పటికి మా బజారులో రెండు మందుల దుకాణాలుండేవి. ఒక దుకాణదారుకు వ్యాపారం తెలుసు గాని మందు తెలియదు. దగ్గుకు, దురదకు ఒకే రంగు బిళ్ళ ఇచ్చేవాడు. రెండో ఆయన దవాఖానలో కాంపౌండరుగా చేసి వచ్చినవాడు, మందు చేతి రేఖల్లా తెలిసినవాడు, కాని ఏది ఎంత తెప్పించాలో తెలియక, గడువు తీరిన సీసాలు అలమరా నిండా పేర్చుకొని రెండేళ్ళకే తాళం వేశాడు. ఆ తాళం చూసిన నాడు నాకొక ఆలోచన పుట్టింది: ముందు నాలుగేళ్ళు ఫార్మసీ, ఆ పైన రెండేళ్ళు వ్యాపార నిర్వహణ, ఇరవై నాలుగో ఏట ఈ రెండు విద్యలూ తెలిసిన దుకాణం. ఇది కలిపి చెప్పే కోర్సు అప్పుడు లేదు. నా నోటుపుస్తకంలో మాత్రం ఉండేది.

బాపుకు ఊపిరితిత్తులు చెడి అప్పటికే నడిస్తే ఆయాసం. కంపెనీ వైద్యుల బోర్డు పనికి పనికిరాడని తేల్చితే ఆ ఉద్యోగం కొడుకుకు వస్తుంది. అందరం కూర్చొని అనుకున్నది ఇదీ: ఉద్యోగం అన్నకు, చదువు నాకు. అన్న నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, పదో తరగతి తప్పినవాడు, ఒళ్ళు వంచి పనిచేసేవాడు. తమ్ముడి చదువు తన పూచీ అని అందరి ముందూ తనే అన్నాడు. బాపు తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను సంతకంగా లెక్కలో వేసుకున్నాను. నా జీవితంలో కాగితం లేకుండా నమ్మిన లెక్క అదొక్కటే.

నవంబరు ఇరవై, సోమవారం, వరంగల్లులో కాలేజీలో చేరాను. బాపు ఆయాసపడుతూనే రామగుండం స్టేషను దాకా వచ్చి, నా ట్రంకుపెట్టె తనే రైలెక్కించి, “మంచిగ సదువు బిడ్డా” అన్నాడు. డిసెంబరు రెండు, శనివారం ఉదయం, హాస్టలు గేటు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. బాపును బోర్డు పనికిరాడని తేల్చింది. ఉద్యోగానికి పిలుపు వచ్చింది. వచ్చింది నా పేరు మీద.

ఏదో పొరపాటు జరిగిందనుకొని, సరిచేయించడానికే ఇంటికి వెళ్ళాను. మా అన్నను బడిలో చేర్చింది ఊళ్ళో ఉండే మా అవ్వ, బాపు తల్లి. అందువల్ల అతని సర్టిఫికెట్‌లో తండ్రి పేరు బాపు అసలు పేరు. నన్ను చేర్చింది ఇక్కడి కాలనీ బడిలో, బాపు స్వయంగా. నా సర్టిఫికెట్‌లో తండ్రి పేరు బాపు బాయి పేరు. కంపెనీ కాగితాలకు సరిపోయేది నాదొక్కటే. ఇందులో పొరపాటు ఏమీ లేదని దరఖాస్తు నకలు చూశాకే తెలిసింది. దాని కింద బాపు వేలిముద్ర, పక్కన తేదీ: సెప్టెంబరు నాలుగు. వరుసలో ప్రతి ఇంటికీ దరఖాస్తులు రాసిపెట్టేది నేనే; అదొక్కటి మాత్రం బాపు బజారులో ఎవరితోనో రాయించుకున్నాడు. సెప్టెంబరు నాలుగు నుంచి నవంబరు ఇరవై దాకా డెబ్బై ఏడు రోజులు నా పక్కన కూర్చొని అన్నం తిన్నాడు, నా నోటుపుస్తకంలోని దుకాణం సంగతి విన్నాడు, చివరికి నా పెట్టె మోశాడు.

అడిగితే గోడ వైపు తిరిగి, “బోర్డు ఒప్పుకుంటదని నాకేం ఎర్క? ఒప్పుకోకపోతే సదువుకుందువని పంపిన” అన్నాడు. మళ్ళీ తనే, “కంపెనీకి నువ్వొక్కనివే కొడుకువిరా” అన్నాడు.

అమ్మ మరొక మాట చేర్చింది, ఓదార్పు అనుకొని. “నిన్ను బడిల ఏసిన్నాడే గట్ల రాయించిండు బిడ్డా. ఒక్కడన్న బాయికి అక్కెరకు రావాలె అన్నడు.”

నన్ను బడిలో వేసినప్పుడు నాకు ఆరేళ్ళు. అంటే ఈ నిర్ణయానికి అప్పటికే పన్నెండేళ్ళు నిండాయి. గడప మీద కూర్చున్న అన్న ఏడుస్తాడనుకున్నాను, పెద్దగా నవ్వాడు. “చూసినవారా తమ్మీ, ఇర్వై రెండేండ్ల సంది గీ ఇంట్ల బువ్వ తింటున్న, కంపెనీ లెక్కల నేను పుట్టనే లేదట!” ఆ నవ్వుకు బాపు తల ఇంకా దించుకున్నాడు.

కాదనే అవకాశం లేకపోలేదు. నేను చేరకపోతే ఉద్యోగం ఎవరికీ రాదు, క్వార్టరు ఖాళీ చేయాలి, బాపు దవాఖాన సౌకర్యం పోతుంది. చేరాను. రెండేళ్ళు బాయిలో దిగాక, చేతిరాత చూసి టైం ఆఫీసులో హాజరు రాసే పనిలో పెట్టారు. అన్న లారీలకు బొగ్గు ఎత్తి, తర్వాత బెల్లంపల్లిలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకొని, నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. బాపు మరో ఆరేళ్ళు బతికాడు. ఆ ఆరేళ్ళూ ఆయన మందులు వేళ తప్పకుండా ఇచ్చింది నేనే. మనసు విప్పి మాట్లాడింది మాత్రం లేదు. ఆయన చేసింది ఇంటి కోసమని తెలుసు, తెలిసినా ఆ డెబ్బై ఏడు రోజులను ఏ గడిలో వేయాలో ఈనాటికీ తేలలేదు.

ముసురు తగ్గాక మనవరాలిని, మా అమ్మాయిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. “ఐదేళ్ళ కోర్సు వద్దనమని మీ అమ్మ నాకు చెప్పింది. తనకు హాస్టలంటే భయం. ఆ మాట నీ ముందే చెబుతున్నాను, ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి” అని లేచాను. మా అమ్మాయి నన్ను చూసిన చూపు మంచిది కాదు. “గిదా నాన్నా నువ్వు చేసేది? నేనేమన్న దానికి శత్రువునా?” అంది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకొని, “అమ్మా, భయమైతె నాకు చెప్పాలె గాని తాతకు చెప్తవా?” అంది. ఇద్దరూ కొంత ఏడ్చారు, కొంత కొట్లాడారు. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పిల్ల రెండూ కలిసిన కోర్సే నమోదు చేసింది. నొక్కేటప్పుడు తల్లి పక్కనే ఉంది.

ఇప్పుడు మనిషికి పుట్టుక నుంచి ఒకటే పేరు, ఒకటే నంబరు. ఒకరి పిలుపుకు మరొకరు పలికే వీలు లేదు. మా బాపు దిగిన బాయి మూతబడింది, ఆ చుట్టూ నేలంతా తవ్విన ఓపెన్‌కాస్టు గని అయింది. కాగితాలు మోసం చేయని కాలం వచ్చింది గాని, ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు పోయిందని చెప్పలేను.

పదవీ విరమణ నాడు కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం నలభై ఒక్క ఏళ్ళలో నాకు పడిన మస్టర్లు, అంటే హాజరు పిలుపుకు నేను పలికిన రోజులు, పదకొండు వేల ఐదు వందల ముప్పై రెండు. ఆదివారం మినహాయిస్తే కాలేజీలో నా పేరు పిలిచిన రోజులు పదకొండు.