గేదె క్షేమసమాచారం

ఆర్థిక మాంద్యం అంటే షేర్లు పడిపోవడం, కంపెనీలు మూతపడటం అని టీవీలో చెబుతారు. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపే నా దగ్గరికి మాత్రం అది మిట్టమధ్యాహ్నం, నైటీలు వేసుకుని, చేతిలో కంచాలతో వచ్చింది.

హాస్టల్ అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. అమ్మాయిలు పొద్దున్నే ఆఫీసులకి పోతారు, మధ్యాహ్నం అక్కడే తింటారు. అందుకే బోర్డు మీద మూడు పూటలూ భోజనం అని రాసి, రెండు పూటలకి సరిపడా వండుతాం. ఐటీ కంపెనీలు మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టేసరికి నా గుట్టు బయటపడింది. మంచాలు ఖాళీ అవుతాయని భయపడ్డాను. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఒక్కరూ కదల్లేదు. పగలంతా ఫ్యాన్లు, గీజర్లు, పైగా రెండో వాయి అన్నం. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది హాస్టలా, సత్రమా అని వంటామె మీద అరిచాను. అమ్మాయిల మీద అరవబుద్ధి కాలేదు.

వాళ్లలో మెదక్ వైపు అమ్మాయి ఒకామె ఉండేది. తెలిస్తే ఇంటికి వచ్చెయ్యమంటారని, మళ్లీ హైదరాబాద్ పంపరని ఆమె భయం. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఓ బుధవారం వాళ్ల నాన్న పంజాగుట్ట ఆస్పత్రిలో మోకాళ్లు చూపించుకుని, సరిగ్గా భోజనాల వేళకి చెప్పాపెట్టకుండా దిగాడు. గేటు దగ్గర ఆయన్ని చూసి ఆ పిల్ల కంచంతో సహా మేడ మీదికి పరుగెత్తింది. మెట్ల నిండా సాంబారు.

"మీ అమ్మాయి ఆఫీసుకి వెళ్లిందండీ, అన్నయ్యగారూ" అన్నాను. ఆయన తలూపాడు. ముందుగదిలో కూర్చోబెట్టి భోజనం పెట్టాను. తిని, చెయ్యి కడుక్కుని, మెట్లకేసి ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ఎరికేనమ్మా. మునుపు ఫోన్ జేస్తే మీటింగుల ఉన్న నాయినా అని పెట్టేస్తుండె. ఇప్పుడు రోజూ పగటిపూట ఆమెనే జేసి, బర్రె మంచిగున్నదా, మేత తింటున్నదా అని సుత అడుగుతున్నది. నౌకరి ఉన్నోళ్లకు బర్రె యాదికొస్తదా?"

మరి తీసుకెళ్లిపోతారా అని అడిగాను. లేదన్నాడు, దొరికేదాకా ఇక్కడే వెతుక్కోనివ్వమన్నాడు. తనకు తెలుసని మాత్రం బిడ్డకు చెప్పొద్దట, తెలిస్తే సిగ్గుపడి ఆ ఫోన్ కూడా మానేస్తుందట. ఆయనా నాతో ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటినుంచి ఇద్దరి అబద్ధాలకీ కాపలా నా పనైంది. ఆ పిల్ల రోజూ మెట్ల మీద కూర్చుని గేదె సంగతులు అడుగుతుంటే, నేను వినీ విననట్టు రెండో వాయి అన్నం వార్చుకునేదాన్ని. సణగడం కూడా మానేశాను.

ఎండాకాలంలో ఓ సాయంత్రం ఆయన నాకే ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"బర్రె ఈనిందమ్మా, పెయ్యదూడ. బిడ్డకు చెప్దామని పొద్దటిసంది చేస్తున్న. మీటింగుల ఉన్న నాయినా అని పెట్టేస్తున్నది."