గొడుగు క్యాసెట్టు

రైతుబజారులో ఉల్లిపాయల బస్తా మూతి విప్పినప్పుడు గుప్పున లేచే వాసన, ఎండిన పొట్టూ గోనెనారా కాస్త మట్టీ కలిసిన ఆ పొడివాసన, మిగతావాళ్లకు వంటింటిని గుర్తుచేస్తుందేమో గానీ నాకు మాత్రం ఒక పాటను గుర్తుచేస్తుంది, దాని వెనకే భయాన్ని కూడా తెస్తుంది. మొన్న ఏలూరులో కూరలు కొంటూ, బేరం మధ్యలో మాట ఆగిపోయి, మా ఊరివాళ్లెవరైనా వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. బడిలో పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే పంతులమ్మ ఉల్లిపొట్టు వాసనకు ఉలిక్కిపడడమేమిటని కూరలమ్మే అతను అనుకునే ఉంటాడు.

మాది కొల్లేటి ఒడ్డున చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు. ఏలూరు బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే ఒకవైపు చేపల మేతకు తెచ్చిన తవుడు బస్తాలు, ఒకవైపు ఐసు పెట్టెలు, నీళ్ల మీద చలికాలం వచ్చి వాలే గూడబాతులు, అన్నిటి మీదా ఎప్పటికీ వదలని చేపల నీచు. అదంతా దాటాక తెల్లసున్నం వేసిన మా గుడి, దొరల కాలంలో కట్టిన క్రైస్తవుల గుడి, దాని పక్కనే మా పెంకుటిల్లు. నాన్నగారు ఊళ్లో బడిపంతులు, గుడిలో సంఘపెద్ద. చేపలు పట్టే కూలీలతో కూడా ‘ఏవండీ’ అనే మాట్లాడే మెత్తని మనిషి. అయినా ఆయన చెప్పుల చప్పుడు వినబడితే నేను కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడేదాన్ని, ఎందుకంటే ఒక్క విషయంలో ఆయన మెత్తబడేవారు కాదు: లోకపు పాటలు, అంటే దేవుడివి కాని పాటలేవీ, మా ఇంట్లో వినబడకూడదు. మా చిన్నాన్నకు మంచి గొంతు ఉండేదట. ఆర్కెస్ట్రా వాళ్ల వెంట వెళ్లి, తాగుడు మరిగి, ఎక్కడున్నాడో కూడా తెలియకుండా పోయాడట. ఆయన ఫోటో మా ఇంట్లో గోడకు ఉండేది కాదు, బట్టల బీరువాలో చీరల అడుగున ఉండేది.

ఏలూరులో ఇంటర్మీడియట్ చదివే మా అక్క సునీత గుడిలో కీబోర్డు వాయించేది. నలుగురిలో నోరు విప్పలేని పిల్ల, ఎవరైనా పేరు అడిగినా అమ్మ వైపు చూసే పిల్ల, ఆ కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం తల నిలబెట్టేది. అది గుడిదే అయినా తేమకు పాడవుతుందని మా ఇంట్లోనే, అమ్మ పాత చీర కప్పి ఉంచేవారు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజునే నాన్నగారు నెమ్మదిగా చెప్పారు. “లోకపు పాట ఒక్కటి వాయించినా, విన్నా, ఆ రోజుతో నీ వాయింపు ఆఖరమ్మా.” అక్క తలూపింది. పక్కనే నిలబడ్డ నాకు చెమటలు పట్టాయి, ఏ తప్పూ చేయకముందే.

ఆ కట్టడికి ఒక కన్నం ఉంది, అది తాడేపల్లిగూడెంలో ఉంది. నాన్నగారి చెల్లెలు, మా అత్తయ్య, అక్కడి ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో ఉండేది. మావయ్య ఒక ఉల్లి గోడౌనులో గుమస్తా. సెలవుల్లో మమ్మల్ని అక్కడ దింపి నాన్నగారు వెనక్కి వెళ్లిపోయేవారు. అత్తయ్య ఇంట్లో గదినిండా ఉల్లివాసన, మూలన కేబుల్ టీవీ, ఆ టీవీలో మధ్యాహ్నంపూట పాటల ఛానెల్లో ఆ వారం కొత్తగా విడుదలైనవి. సినిమా పాటలు కావవి, ప్రైవేటు ఆల్బములు. గిటారు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు, మనలాంటి మాటలతోనే, మన బస్టాండుల్లాంటి బస్టాండుల్లోనే నిలబడి పాడేవాళ్లు. అలా ఒకరోజు, ఎర్రకారం ఉల్లిపాయ పచ్చడి కలిపిన అన్నం ముద్ద నోట్లో ఉండగా, గొడుగు పాట వచ్చింది. ‘వెళ్లిపోనీ ఈ బస్సు, వానలోనే ఉందాం’ అని మొదలై, ఒక్క క్షణం అన్నీ ఆగిపోయి, ఆ ఖాళీలో టప్ టప్ మని రెండు చప్పట్లు. మళ్లీ పాట. మూడో చరణంలో ఒక ఈల. అక్క ముద్ద మింగడం మరిచిపోయింది. అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు వేసింది, సరిగ్గా చప్పట్లు పడేచోట. మాటకు మాట అప్పజెప్పే మనిషి అత్తయ్య, ఆమె నోట్లో రహస్యం నిలవదని అమ్మ ఎప్పుడూ అనేది. నాన్నగారికి చెప్పేస్తుందేమోనని ఆ సెలవులన్నీ నాకు అన్నం సయించలేదు.

సెలవులయ్యాక అక్క ఏలూరు పాత బస్టాండు దగ్గరి దుకాణంలో ఆ క్యాసెట్టు కొన్నది. కొత్తవి వచ్చిన రోజున ఆ దుకాణం బయట స్పీకరు పెట్టి మోగించేవారు, కాలేజీ పిల్లలంతా ఏదో కొంటున్నట్టు నిలబడి వినేవారు. మా ఊరి బస్సు ఆగేది కూడా అక్కడే. అక్క లోపల ఉన్నంతసేపూ నేను మెట్ల మీద కాపలా. చేపల బుట్టతో ఎవరు దిగినా మా ఊరివాళ్లలాగే కనబడేవారు. క్యాసెట్టు అట్ట మీద నీలం గొడుగు బొమ్మ ఉండేది, అందుకే మాకది గొడుగు క్యాసెట్టు. అట్ట చింపి పారేయడానికి అక్కకు మనసొప్పలేదు, మడిచి లెక్కల పుస్తకం అట్టలో దూర్చింది. క్యాసెట్టు మీది కాగితం గీకేసి, దాన్ని ఒక పాస్టరు గారి ప్రసంగం డబ్బాలో పెట్టి, ప్రసంగాన్ని తవుడు బస్తా వెనక దాచాం. పాట అలమరలోనూ ప్రసంగం బస్తా వెనకా ఉన్న ఇల్లు కొల్లేటి చుట్టూ మాదొక్కటే అయి ఉంటుంది.

వానాకాలం సెలవు రోజుల్లో, నాన్నగారు బడి రిజిస్టర్ల పని మీద వెళ్లి, అమ్మ పక్కింట్లో చేపలు బాగు చేయిస్తుంటే, మేమిద్దరం టేప్‌రికార్డరు మీద దుప్పటి కప్పి, ఆ దుప్పట్లోకి మేము కూడా దూరి వినేవాళ్లం. బయట చెరువుల మీద వాన, లోపల పాటలో వాన, దుప్పట్లో ఉక్కపోత. అంత సుఖం నేను మళ్లీ ఎరగను. కానీ నా చెవి ఒకటి పాటకు, ఒకటి గుమ్మానికి ఉండేది. పాట మొత్తం ఎప్పుడూ ఒక చెవితోనే విన్నాను.

ఒక సాయంత్రం ఊరికి వచ్చిన పెద్ద పాస్టరు గారు వరండాలో కూర్చుని, ఆ ప్రసంగం ఒకసారి విందామండీ అన్నారు. నాన్నగారు లేచి, అలమరలోంచి డబ్బా తీసి, బల్ల మీద టేప్‌రికార్డరు పక్కన పెట్టారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అక్క మాత్రం “టీ తాగి వింటారు కదండీ” అని వంటింట్లోకి వెళ్లి, పాలు మళ్లీ మళ్లీ పొంగిస్తూ, చక్కెర డబ్బా వెతుకుతూ, గ్లాసులు తిరిగి కడుగుతూ కాలం గడిపింది. ఆ నెల మా ఊరికి కరెంటు కోత చీకటిపడే వేళకని నాకు అప్పుడు తట్టింది. నాన్నగారు క్యాసెట్టు లోపల పెట్టి మూత వేసి, బొత్తాం మీద వేలు ఉంచి, పాస్టరు గారు ఏదో చెబుతుంటే ఆగారు. వేలు నొక్కేలోపు కరెంటు పోయింది. మా టేప్‌రికార్డరులో బ్యాటరీలు వేసే అలవాటు లేదు. చీకట్లో అక్క టీ గ్లాసులు తెచ్చింది, పాస్టరు గారు తాగి వెళ్లిపోయారు, కరెంటు వచ్చేలోపు మేము క్యాసెట్టు మార్చేశాం.

అసలు గండం ఆ తరువాత వచ్చింది. మా వైపు ఊళ్లలో క్రిస్మసుకు ప్రతి గుడీ ఒక కొత్త పాట కట్టాలి. పక్క ఊరి గుడివాళ్లు ఏం కట్టారో కనుక్కోవడం, మనది దాచుకోవడం, నవంబరు నుంచీ అదే గోల. ఆ ఏడు నాన్నగారు అక్కను పిలిచి “బాణీ నువ్వు కట్టమ్మా, మాటలు నేను రాస్తాను” అన్నారు. అక్క ముఖం వెలిగింది, నాలుగు రోజులకే ఆరిపోయింది. ఏ స్వరంతో మొదలుపెట్టినా, ఎటు తిప్పినా, చివరికి గొడుగు పాటలోకే వచ్చి పడేది. “నా వల్ల కావట్లేదే బుజ్జీ, వేళ్లు అక్కడికే పోతున్నాయి” అని నా దగ్గర ఏడ్చింది. ఒకనాడు అలా వాయిస్తుండగా నాన్నగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అక్క ఆపబోతే, వాయించమని చేత్తో సైగ చేశారు. ఆయన కళ్లు మూసుకుని విని, “ఇదేనమ్మా. ఇదే ఉంచెయ్యి” అన్నారు. వద్దని చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. ఆ రాత్రి భోజనం కాకుండానే మాటలు కూడా కుదిరిపోయాయి: ‘గొల్లలార రండయ్యా, పాకలోకి పోదాం.’

ఆ డిసెంబరంతా నాన్నగారు ఆ పాటే. స్నానాల గదిలో, గట్టు మీద, నల్లబల్ల తుడుస్తూ, వెదురు బద్దలకు రంగుకాగితం అతికించి గుడి నక్షత్రం కడుతూ కూడా అదే కూనిరాగం. ఇంట్లో అమ్మ అరిసెల పాకం పట్టినా, గులాబీపూల అచ్చు నూనెలో ముంచి తీసినా నాకు వాసనలు తెలియలేదు. అక్క ఈల తీసేసింది, చప్పట్లు తీసేసింది, చప్పట్లుండే చోట ఖాళీని అలాగే వదిలేసింది. మా ఊళ్లో ఆ ఆల్బము విన్నవాళ్లు లేరు, గట్టెక్కేశామనుకున్నాం. అప్పుడు ఫోనొచ్చింది. ఈసారి క్రిస్మసుకు అత్తయ్యావాళ్లు మా ఇంటికే వస్తున్నారు.

పండగ ఉదయం గుడి కిక్కిరిసింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, కొత్తబట్టల గంజివాసన, కొబ్బరినూనె, బంతిపూలు. అత్తయ్య ముందు చాప మీద, అమ్మ పక్కన, జరీచీరలో దర్జాగా కూర్చుంది. మా గుడిలో పాటకు చప్పట్లు కొట్టే అలవాటు లేదు, పుస్తకం పట్టుకుని నిలబడి పాడడమే. అక్క వాయించడం మొదలుపెట్టగానే అత్తయ్య తల చటుక్కున పైకి లేచింది. ఆమె మొదట కీబోర్డు వైపు, తర్వాత అక్క వైపు, ఆ తర్వాత ముందు వరసలో గర్వంగా నిలబడ్డ అన్నగారి వైపు చూడడం నేను చూశాను. దేవుడా, ఆమె నోరు కట్టెయ్యి అని ప్రార్థించాను, నిజమైన ప్రార్థన అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. గుడంతా ఒక్క గొంతుతో ‘పాకలోకి పోదాం’ అంది. ఖాళీ వచ్చింది. దేవుడు ఆమె నోరు కట్టేశాడు గానీ చేతుల్ని మరిచిపోయాడు. టప్ టప్.

అంత పెద్ద చప్పుడు నేను జీవితంలో వినలేదు. నాన్నగారు వెనక్కి తిరిగారు. అక్క వేళ్లు తడబడ్డాయి, ఒక స్వరం జారిపోయింది. కానీ ముందున్న పిల్లలకు అదే పాట పద్ధతి కాబోలనిపించి, రెండోసారి ఖాళీ రాగానే వాళ్లంతా కొట్టారు, మూడోసారికి పెద్దాళ్లు కూడా కొట్టారు. నాన్నగారు పుస్తకంలోకి తలవంచుకున్నారు. ఆ ముఖంలో ఏముందో నాకు కనబడలేదు.

మధ్యాహ్నం కొర్రమీను పులుసు వడ్డిస్తుండగా ఆయన అడిగారు. “చెల్లాయ్, సరిగ్గా అక్కడ చప్పట్లు పడాలని నీకెలా తెలిసిందమ్మా?” అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తయ్య ముల్లు తీసి విస్తరి పక్కన పెట్టి, నీళ్లు తాగి, తీరిగ్గా చెప్పింది. “నేను కొట్టలేదు అన్నయ్యా. మీ పాటే కొట్టించింది.” నాన్నగారు పులుసు కలుపుకుంటూ “అయితే వచ్చే ఏడు అందరిచేతా కొట్టిద్దాం” అన్నారు.

తరువాత బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటూ అత్తయ్య అక్కతో “ఈల తీసేశావేంటే, అక్కడే కదా అందం!” అంది. నెల రోజులుగా పట్టి ఉంచిన ఏడుపంతా అక్క ఒక్కసారి వదిలేసింది. అత్తయ్య తడిచేత్తోనే దాని తల నిమిరింది. “ఊరుకోవే. పాటల వల్ల మీ చిన్నాన్న పోయాడంటాడు మీ నాన్న. పాడొద్దని హార్మోనియం పట్టుకెళ్లి చెరువులో పడేశాకే వాడు ఇల్లు వదిలాడు. ఒకణ్ణి పోగొట్టుకున్నాం, చాలదేంటి?” బోరింగు కొడుతున్న నేను కొట్టడం ఆపేశాను. పడేసిందెవరో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. చిన్నాన్న ఫోటో చీరల అడుగున ఎందుకుందో, పారేయకుండా ఎందుకుందో, ఆ రోజు నుంచి నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

ఏలూరులో ఆ క్యాసెట్ల దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమైంది. గొడుగు క్యాసెట్టు ఒక వానకు బూజుపట్టి టేపు చుట్టుకుపోయింది. ఆ పాడిన కుర్రాళ్లు మరో ఆల్బము చేసినట్టు లేదు. ఫోనులో ఎంత వెతికినా, అన్నీ దొరికే ఈ రోజుల్లో కూడా, ఆ పాట దొరకలేదు. అత్తయ్య పోయి నాలుగేళ్లయింది. గుడి కీబోర్డు మారింది గానీ దాని ముందు కూర్చునేది ఇంకా అక్కే.

పోయిన క్రిస్మసుకు ఊరెళ్లాను. కుర్రాళ్లు డ్రమ్ము ప్యాడ్లు పెట్టి, ఎక్కడో విన్న కొత్త బాణీలో పాట కడితే, చేతికర్రతో నిలబడ్డ నాన్నగారు తల అడ్డంగా ఊపారు. “ఇవన్నీ లోకపు బాణీలు బాబూ. మన పాతకాలపు పాట పాడండి, గొల్లలార పాడండి. అలాంటివి ఇప్పుడెవరు కడతారు?” అక్క నా వైపు చూడలేదు, నేనూ దాని వైపు చూడలేదు. పాట మొదలైంది. ఇరవై ఏళ్లు దాటినా నా చెవి ఒకటి అలాగే గుమ్మానికి ఉంది. ‘పాకలోకి పోదాం’ దగ్గర ఖాళీ వచ్చింది, అత్తయ్య కూర్చునే చోట ఎవరో చిన్నపిల్ల ఉంది. నాన్నగారు కర్రను చంకలో ఇరికించుకుని, అందరికంటే ముందు రెండు చప్పట్లు కొట్టారు.