మిల్లు ఇచ్చిన బర్రె

నా చిన్నప్పుడు మాకొక బర్రె ఉండేది అంటే అబద్ధమవుతుంది. మా కొట్టంలో ఒక బర్రె ఉండేది. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటో నాకు ఒకే పూటలో తెలిసింది. ఆ పూట సంగతి చెబుతాను.

మిర్యాలగూడ నుంచి వేములపల్లి పోయే దారిలో ఒక రైస్ మిల్లు ఉండేది. మా నాయన అందులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఉప్పుడు బియ్యం మిల్లుకు వడ్లు సరిగ్గా ఉడకడమే ప్రాణం. ఊక ఎంత వేయాలో, ఆవిరి ఎప్పుడు వదలాలో చేతికి తెలిసినవాడు దొరకడం కష్టం. దొరికినవాణ్ణి పక్క మిల్లువాళ్ళు ఎగరేసుకుపోకుండా కాచుకోవడం ఇంకా కష్టం. ఇప్పటి కంపెనీలయితే ఈ పనికి ఒక ఆఫీసు, అందులో ఏసీ గది, ఆ గదిలో నవ్వు మొహంతో ఒక మనిషిని పెట్టుకుంటున్నాయి. మా మిల్లు ఆసామికి అవేవీ లేవు. ఆయనకు భార్య ఉంది.

మిల్లు కూలీల పిల్లలమంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. అలా పిలవమని ఆమే చెప్పింది. కోదాడ అవతలి నుంచి కాపురానికి వచ్చిన మనిషి, మాటంతా ఆ వైపుదే. మాకు జ్వరమొస్తే మాత్రలు పంపేది. పండగ వస్తే ఆడపిల్లలకు గౌన్లు కుట్టించేది. అదంతా నటన అని నేను ఇప్పటికీ అనను. నటన అయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

మా తమ్ముడికి కామెర్లు వచ్చి తగ్గాక పిల్లవాడు ఎండుపుల్లలా అయ్యాడు. దవాఖానలో డాక్టరు బాగా పాలు పట్టించమన్నాడు. మా అమ్మ నాట్లకు పోయి తెచ్చేది ఉప్పుకూ పప్పుకూ చాలేది కాదు, ఇక రోజూ పాలు ఎక్కడ కొంటాం? ఆ సంగతి పెద్దమ్మకు ఎవరు చేరవేశారో తెలియదు. ఒక ఉదయం మిల్లు దొడ్లోంచి, నేడో రేపో ఈనబోయే బర్రె పడ్డను తోలించుకుని మా గుమ్మం ముందు నిలబడింది. పలుపుతాడు నాయన చేతికి ఇవ్వలేదు. వంగి నా చేతిలో పెట్టింది.

"తీసుకోవే, నీదే ఇది. పేరు కూడా నువ్వే పెట్టుకో."

నల్లపూస అని పెట్టాను.

మిల్లు నుంచి రోజూ తవుడు ఉచితంగా వచ్చేది. పచ్చగడ్డి మాత్రం నా వంతు. బడి నుంచి రాగానే కొడవలి పట్టుకుని కాలువ గట్టుకు పోయేదాన్ని. వేళ్ళు కోసుకునేదాన్ని, ఆ వేళ్ళకే పసుపు అద్దుకుని మళ్ళీ కోసేదాన్ని. సెలవు రోజున దాన్ని కాలువలోకి దింపి, వీపు మెరిసేదాకా ఎండుగడ్డితో తోమేదాన్ని. అది ఈనింది, ఆడదూడ. మా నాయనమ్మ పాలు పిండేది. తమ్ముడి బుగ్గలు మెల్లగా నిండాయి. "మా బర్రె" అని నేను బడిలో ఎన్నిసార్లు అన్నానో, నా పక్కన కూర్చునే పిల్లలు చెవులు మూసుకునే దాకా వచ్చింది.

తమ్ముడు కోలుకున్నాడు కానీ నాయన దగ్గడం మొదలుపెట్టాడు. బాయిలర్ పొగ, ఊక బూడిద రొమ్ములో పేరుకుంటే ఏమవుతుందో ఆ పని చేసినవాళ్ళందరికీ తెలుసు. అదే సమయంలో నేరేడుచర్లలో కొత్తగా కట్టిన మిల్లువాళ్ళు నాయనకు కబురు పంపారు. బాయిలర్ ముఖం చూడనక్కర్లేదు, గోదాములో వడ్లు చూసి తీసుకునే పని. నాయన సంతోషంగా వెళ్ళి ఆసామికి చెప్పాడు. ఆసామి కూడా నవ్వి, మంచిది, పోయి రా అన్నాడట.

మరునాడు పొద్దున్నే పెద్దమ్మ వచ్చింది. నేను నల్లపూసకు కుడితి పెడుతున్నాను. ఆమె ఎప్పటిలాగే నా తల నిమిరింది.

"పలుపు విప్పవే. నీకు అలవాటైన గొడ్డు కదా, నువ్వే మిల్లుకి తోలుకురా."

నాకు అర్థం కాలేదు. "ఇది నాది గదా పెద్దమ్మా?" అన్నాను.

"నీదేనే. మీ నాన్న మా దగ్గర ఉన్నన్నాళ్ళూ నీదే. ఆయన్ని ఉండమను, ఇదీ ఇక్కడే ఉంటుంది."

కోపం లేదు, గొంతు పెంచలేదు. ఆ మెత్తదనమే నన్ను నేరుగా నాయన మీదికి ఉసిగొల్పింది. లోపలికి పరుగెత్తి ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాను. పోవద్దు నాయనా, పోతే నల్లపూస పోతది, తమ్మునికి పాలుండవు అని ఇల్లంతా అదిరేలా ఏడ్చాను. ఆసామి చెయ్యలేని పని ఆమె నా చేత చేయించుకుంది. ఈ మాట తలుచుకుంటే నాకు ఈ రోజుకీ మండుతుంది. పసిపిల్ల ప్రేమను తాడుగా పేని, దాంతో ఆ పిల్ల తండ్రినే కట్టేయడం! ఏ చదువు చదివితే వస్తుంది ఈ తెలివి?

నాయన దగ్గుతూనే నన్ను ఎత్తుకున్నాడు. "ఏడ్వకు బిడ్డా. నేను యాడికి పోతలే, తియ్."

అప్పటిదాకా పొయ్యి దగ్గర కూర్చున్న మా నాయనమ్మ లేచింది. "నువ్వుంటవ్ గని, నీ రొమ్ము ఉంటదారా? మూట గట్టుకో, నడువ్," అని కొడుకును కసిరింది. తరువాత నా రెక్క పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయింది.

మా వైపు గొడ్డును అమ్మినా, ఊరికే ఇచ్చినా, పాత ఆసామి తన పలుపు విప్పేసుకుంటాడు. కొత్తవాళ్ళు తమ తాడు తెచ్చుకుని కట్టుకుని తోలుకుపోవాలి. అప్పుడే గొడ్డు చేయి మారినట్టు. ఈ పద్ధతి నాకు ఆ రోజే తెలిసింది.

"ఆమె తాడుతోనే ఇచ్చిందే పిచ్చిదానా. నేను ఆ పొద్దే సూసిన," అంది నాయనమ్మ.

ఏడుపు టక్కున ఆగింది. "సూసినవా? మరి నాకెందుకు జెప్పలే?"

"జెప్తే నువ్వు గడ్డి కోస్తుంటివా?"

నిజం చెప్పనా, పెద్దమ్మ చేసినదానికంటే ఈ మాటే నన్ను ఎక్కువ కోసింది. పెద్దమ్మ ఎంతయినా పరాయి మనిషి. రాత్రి నేను పడుకునే పక్క నాయనమ్మది. తమ్ముడికి పాలు కావాలి, బర్రెకు గడ్డి కావాలి, గడ్డికి నా చేతులు కావాలి. అందుకని తెలిసీ నోరు మూసుకుంది. మిల్లువాళ్ళు మా నాయనను ఎట్లా నిలుపుకున్నారో, మా ఇంట్లోవాళ్ళు నన్నూ అట్లాగే నిలుపుకున్నారు.

నాయన మూట కట్టుకున్నాడు. నల్లపూసను నేనే తోలుకుపోయాను. దూడ వెనకాల గెంతుతూ వచ్చింది, దానికి ఇదొక షికారు. మిల్లు దొడ్లో పెద్దమ్మ పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది. నాయన కింద పనిచేసినాయన కూతురు. బాయిలర్ ఆ రోజు నుంచి అతని చేతికి వచ్చింది. పెద్దమ్మ నా చేతిలోంచి పలుపు తీసుకుని, వంగి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"తీసుకోవే, నీదే ఇది."

అవే మాటలు, అదే నవ్వు. నేను ఊరుకోలేదు. నా నోరు అప్పటికే ఇట్లాంటిదే. ఆమె అటు తిరగగానే ఆ పిల్లను పట్టుకుని, "ఇది నీది గాదే, మీ నాయన ఈడ ఉన్నన్ని దినాలే," అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"పో పోవే, నీకు కుళ్ళు," అంది.

మేము నేరేడుచర్ల పోయాం. నాయన దగ్గు పూర్తిగా పోలేదు గానీ, మనిషి చాలా కాలం బతికాడు. తమ్ముడు టీ నీళ్ళలో రొట్టె ముంచుకుని తిని పెరిగాడు. నేను నాయనమ్మతో మాట్లాడటం మళ్ళీ మొదలుపెట్టాను, ఒకే ఇంట్లో ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఉంటాం? కానీ ఆమె పక్కలో మళ్ళీ పడుకోలేదు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. పోయిన ఎండాకాలం మా యాజమాన్యం స్టాఫ్ మీటింగు పెట్టి, స్టాఫ్ పిల్లలకు తమ స్కూల్లో చదువు ఉచితం అని ప్రకటించింది. చప్పట్లు మోగాయి. నేను లేచి, లెక్చరర్ సంవత్సరం నడుమ ఉద్యోగం మానేస్తే వాళ్ళ పిల్లను పరీక్షల దాకా కూర్చోనిస్తారా అని అడిగాను. "మేడంకు ఏదిచ్చినా అనుమానమే," అని చైర్మన్ నవ్వితే అందరూ నవ్వారు. మంచి సదుపాయాలకు నేను శత్రువును కాను. ఇవ్వండి, ఇంకా ఇవ్వండి. మనిషి పోతానన్న రోజున వాటినే తీసి అతని పిల్లల మెడకు చుట్టకండి, అంతే.

మీటింగు అయ్యాక ఇంగ్లిష్ చెప్పే ఒకామె, నేను చెల్లె అని పిలుస్తాను, నా చేయి పట్టుకుంది. నాలుగేళ్ళ బిడ్డ ఉంది ఆమెకు. "అక్కా, జర ఊకోరాదే. నాకు ఆ సీటు కావాలె," అంది. ఆమెకు నిజంగానే కావాలి. ఆ అవసరం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

"తీసుకో. కాదనకు," అన్నాను. "గని ఇది ఎన్నాళ్ళుంటదో మన చేతిల లేదని నీ బిడ్డకు ముందే జెప్పు."

"జెప్తే బడికి పోతదా అక్కా?" అని నవ్వింది.

ఆమె నవ్వులాటకే అడిగింది. నాయనమ్మ కొట్టంలో నన్ను ఇట్లాగే అడిగినప్పుడు జవాబు చెప్పకుండా పలుపు విప్పాను. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

"కోస్తుంటి," అన్నాను.

"ఏంది?" అంది చెల్లె.

"పోతది అంటున్న, బడికి," అని సర్దుకుని పుస్తకాలు తీసుకుని క్లాసుకు నడిచాను. చెప్పినా కోసేదాన్నే. పాలు తాగింది నా తమ్ముడే కదా.