నా ముడి మీద నిలబడిన మౌనిక

మౌనిక అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. కాటన్‌పేటలో మూడు తరాలుగా గుడ్డల వ్యాపారం చేస్తున్న ఇల్లు మాది. వాళ్ల నాన్న అనంతపురం వైపు నుంచి వచ్చి, కట్టే ఇళ్ల చుట్టూ సరుగుడు కర్రలతో సారవ కట్టే కూలీ. తొమ్మిదో తరగతిలో మా బడిలో చేరినప్పుడు ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు. బడిలోని గైడ్స్ దళంలో చేరిన ఆరు నెలలకే అందరినీ వరసలో నిలబెట్టే గొంతు వచ్చేసింది. నాలుగేళ్లుగా దళంలో ఉన్న నన్ను వదిలేసి, గైడ్స్ నేర్పే మా మిస్ అన్నిటికీ "మౌనికా" అని పిలిచేది. నాకు ఒళ్లు మండేది.

గైడ్స్ రాష్ట్ర శిబిరానికి మా బడి నుంచి ఒక్కరికే చోటు. చివరికి మేమిద్దరం మిగిలాం. మిస్ ఆఖరి పరీక్ష వింతగా పెట్టింది. ఒకరికొకరు ఒక పని నేర్పాలి. నేర్చుకున్నవాళ్లు చేసి చూపిస్తే మార్కులు నేర్పినవాళ్లకు. నేను దానికి గాయానికి కట్టు కట్టడం నేర్పాను. అది నాకు నిలువు కర్రకు అడ్డకర్రను బిగించే ముడి నేర్పింది.

"తాడు కొస లోపలికి దోపల్ల నేత్రా. మరిస్తే కర్ర జారుతాది. మా నాయన దీనిమీదనే నిలబడి పని చేసేది," అంది. పదిసార్లు కట్టించింది. పదిసార్లూ బాగానే కట్టాను.

పరీక్షనాడు మౌనిక నా చేతికి కట్టిన కట్టుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకు పూర్తి మార్కులు. ఇక నా వంతు. అడ్డకర్ర ఒక పక్క ముందే కట్టి ఉంది, రెండో పక్క నేను కట్టాలి. ముడి వేశాను, కొస మాత్రం దోపలేదు. కావాలనే. మిస్ చెయ్యి వేసి నొక్కగానే కర్ర జారింది.

మౌనిక తాడు వంక చూసింది, నా వంక చూసింది. దానికి అర్థమైపోయింది.

"తప్పు నాదే మిస్. నేను సరిగ్గా చెప్పలేదు," అంది.

అప్పుడు మండింది చూడండి కడుపు! చోటు నాకొచ్చినా మంచితనం దానికేనా? అది కూడా దానికి వదిలేయడం నా వల్ల కాలేదు.

"అది బాగానే చెప్పింది మిస్. నేనే కావాలని వదిలేస్తిని. ఇంకోసారి కడతా."

కొస దోపి, పళ్లు బిగించి లాగి కట్టాను. మిస్ చెయ్యి వేసేలోపే మౌనిక బూట్లు విప్పి ఆ కర్ర ఎక్కి నిలబడింది. ఇందాక జారిన కర్రే! నన్ను ఒక్క మాట అడగలేదు. కర్ర కదల్లేదు.

శిబిరానికి మౌనికే వెళ్లింది. బ్యాడ్జి తెచ్చుకుని ముందు నాకే చూపించింది. "చూసినాలే," అని మొహం తిప్పుకున్నాను.

ఈ రోజుకీ దాన్ని చూస్తే నాకు కుళ్లే. బ్యాడ్జి గురించి కాదు. దాని స్థానంలో నేనుంటే ఆ కర్ర ఎక్కేదాన్ని కాదు.