కదలని కాంటా

ఆలేరు రైల్వే స్టేషన్ బయట అండాలుకు మిరపకాయ బజ్జీల బండి ఉంది. సాయంత్రం రైలు దిగినవాళ్లు ఆమె దగ్గర ఆగకుండా ఇంటికి పోవడం తక్కువ. మనిషి భారీ. నవ్వితే ఒళ్లంతా నవ్వేది. "బజ్జీలు మంచిగుంటయా అని నన్నడుగుతరేంది, నన్ను చూస్తె తెలుస్తలేదా?" అని తన మీద తనే పరాచికాలాడేది. నలభై దాటేదాకా తన బరువెంతో ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు.

ఆ అవసరం తమ్ముడి వల్ల పడింది.

పరమేష్ ఆమెకంటే చాలా చిన్నవాడు. తల్లి పొద్దంతా మగ్గం పనిలో మునిగి ఉంటే వాణ్ణి చంకనేసుకుని తిప్పింది అండాలే. పెద్దయ్యాక వాడూ మగ్గమే ఎక్కాడు. కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే, ఏళ్ల తరబడి నొప్పిగోలీలు కొనుక్కుని మింగాడు. ఒక ఎండాకాలం మొహం, కాళ్లు ఉబ్బాయి. పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు భువనగిరికి పోయి డయాలసిస్ చేయించుకోవడమే వాడి బతుకైంది.

కిడ్నీ మార్పిస్తే బతుకుతాడని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. భార్య శ్రీదేవికి షుగరు, ఆమెది పనికిరాదు. అండాలు రక్తం కలిసింది.

"నాది తీస్కోండ్రి సారూ. రేపు తీస్కుంటనంటె రేపే వస్త" అన్నది అండాలు.

డాక్టరు ఆమెను కాంటా ఎక్కించాడు. వంద కిలోలకు కాస్త తక్కువ చూపించింది. "ఇంత బరువుతో కోస్తే మీ ప్రాణానికే ముప్పమ్మా. ఎనభైకి దిగి రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు.

తిరుగు రైల్లో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. జనగామ పోయే జనం నెట్టుకుంటుంటే కిటికీకి ఒదిగి కూర్చుని, "తమ్ముని పానానికి నా ఒళ్లే అడ్డమొచ్చిందా" అని తనలో తనే గొణుక్కుంది.

మర్నాటినుంచే మొదలుపెట్టింది. అన్నం మాని జొన్నరొట్టె పట్టింది. చీకటి విచ్చకముందే కొలనుపాక రోడ్డు మీద నడక. మూకుడు ముందే నిలబడి, ఒక్క బజ్జీ కూడా నోట్లో వేసుకోలేదు. మొదట్లో బరువు బాగా తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. ఉగాది నాటికి ఎనభై ఆరుకు వచ్చింది. ఇంకెంత, బతుకమ్మ పండగలోపు ఆపరేషన్ అయిపోతుందని శ్రీదేవికి ధైర్యం చెప్పింది.

అక్కడితో కాంటా ఆగిపోయింది.

నెల గడిచినా అంతే, రెండు నెలలు గడిచినా అంతే. డయాలసిస్‌కు తమ్ముడితో తోడుపోయినప్పుడల్లా ఆమె కూడా అక్కడి కాంటా ఎక్కేది. పరమేష్‌ను మిషన్ మీద పడుకోబెట్టేముందు ఒకసారి, లేచాక ఒకసారి తూచేవాళ్లు. నీళ్లు తీసేస్తారు గనక ఒక్క పూటలో వాడు రెండు మూడు కిలోలు తగ్గేవాడు.

"అక్కా, గీ మిషన్ మీద నువ్వు పండుకో. నీది అయిపోయినంక నేను పండుకుంట" అని వాడు ఎగతాళి చేస్తే ఆమె నవ్వలేకపోయేది.

తిండి ఇంకా తగ్గించింది. పొద్దున తిండి మానేసింది. తర్వాత రాత్రి రొట్టె కూడా. పొద్దుటి నడక చాలక ఎండలో రెండోసారీ నడిచేది. వెంట్రుకలు పిడికెళ్లకొద్దీ ఊడాయి. కాంటా మాత్రం జరగలేదు. ఒక సాయంత్రం బండి దగ్గర కళ్లు తిరిగి మూకుడు మీదికి తూలింది. కాగే నూనె చేతిమీద పడింది.

కట్టు కట్టిన చేతిని డయాలసిస్ నర్సు మల్లిక చూసింది. మల్లికది మోత్కూరు, చిన్న వయసు, మాట మాత్రం నిక్కచ్చి. ఏమేం తింటున్నావని అడిగింది. విని తల పట్టుకుంది.

"గిట్ల ఉపాసముంటె ఎట్ల తగ్గుతవక్కా? కరువొచ్చిందనుకుని నీ ఒళ్లు ఉన్నదాన్ని గట్టిగ పట్టుకున్నది. ముందుగాల తిను. గుడ్లు తిను, పప్పు తిను. కంటినిండ పండు. స్టేషన్ల వంతెన మెట్లెక్కి దిగు."

"తిని తగ్గుమంటవా బిడ్డా?"

"అవును. కడుపు మాడ్చుకున్న మనిషి కిడ్నీ ఏ డాక్టర్ తీస్కుంటడు?"

కానీ అండాలుకు ముద్ద దిగలేదు. తమ్ముడు నీళ్లు కూడా లెక్కగా తాగాలి. అరటిపండు వద్దు, టమాట వద్దు, ఉప్పు వద్దు. వాడలా ఎండుతుంటే తాను గుడ్లు ఉడకబెట్టుకుని తినడమా? ఆమె ఇంకా తినడం లేదని పసిగట్టి మల్లికే పరమేష్‌కు చెప్పింది. వాడు మర్నాడు తెల్లవారగానే అక్క ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఉడికిన గుడ్లు ఒలిచి ఆమె ముందు పెట్టాడు.

"తిను. నువ్వు తింటెనే నాకు కిడ్నీ వస్తదట. నా కోసమన్న తిను."

ఏడుస్తూనే తిన్నది. ఓపిక ఉన్న ప్రతి పొద్దునా వాడు వచ్చేవాడు, ఆమె తినేదాకా కదిలేవాడు కాదు. కొన్నాళ్లకు ఆమె నడకలో బలం వచ్చింది. ఎప్పుడో వానాకాలం మధ్యలో కాంటా ముందు అరకిలో, తర్వాత కిలో దిగింది. చలి మొదలయ్యేసరికి ఎనభై దాటి కిందికి వచ్చింది. హైదరాబాద్‌లో పరీక్షలన్నీ చేశారు. సంక్రాంతి దాటాక ఆపరేషన్ అని తేదీ ఇచ్చారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు పరమేష్ దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. కిడ్నీ వచ్చినాక మొట్టమొదట కడుపునిండా నీళ్లు తాగుతానన్నాడు.

ఆ తేదీ రాకముందే వాడికి చలిజ్వరం పట్టుకుంది. డయాలసిస్ కోసం మెడలో వేసిన గొట్టం దగ్గర చీము చేరి, విషం రక్తంలోకి ఎక్కింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తేరుకోలేదు.

చావుకు వచ్చిన చుట్టాలు అండాలును పట్టుకుని, "తమ్ముని రందిల గింత బక్కగైనవా" అని ఏడ్చారు. 

దినాలయ్యాక ఒక్కతే భువనగిరి పోయి మల్లికను కలిసింది. "నాది తయారుగున్నది గద. ఎవలకన్న ఇయ్యి బిడ్డా, ఆళ్లన్న బతుకుతరు" అన్నది.

మల్లిక ఆమె చెయ్యి పట్టుకుంది. "సొంతోళ్లకైతెనే తీస్కుంటరక్కా. గట్ల ఎవలకంటె వాళ్లకు తీస్కోరు."

అండాలు కాసేపు అక్కడే బల్ల మీద కూర్చుంది. లోపల మిషన్లు నడుస్తున్నాయి. తమ్ముడి మంచం మీద ఇంకెవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. లేచి బస్సెక్కి వచ్చేసింది.

బండి మళ్లీ పెట్టింది. శ్రీదేవిని కూడా పనిలోకి తెచ్చుకుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి పిండి కలిపేవాళ్లు, పరమేష్ పేరు ఎత్తకుండా. పొద్దున్నే ఆమెను కొలనుపాక రోడ్డు మీదికి వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టింది.

"నాతోని గాదు వదినె, నా కాళ్లు గుంజుతున్నయి" అని శ్రీదేవి మొరాయించింది.

"నీ షుగర్ మూడు నూర్లున్నది. మళ్లొక మనిషిని పోగొట్టుకునే శక్తి నాకు లేదు. నడువు."

శ్రీదేవి వెనకబడ్డప్పుడల్లా అండాలు ఆగింది. ఆమె వచ్చి కలిసేదాకా రోడ్డు పక్కనే నిలబడింది.